యోని మైక్రోబయోమ్ కిట్: ఆ రిపోర్టులో ఒక వరుసను మాత్రం నమ్మవద్దు

యోనిలో సహజంగా నివసించే బ్యాక్టీరియా సముదాయంలో, అంటే మైక్రోబయోమ్‌లో, ఏవేవి ఉన్నాయో, ఏది ఏ పాళ్లలో ఉందో చెప్పే ఇంటి పరీక్ష కిట్లు ఇప్పుడు బెంగళూరులో ఆన్‌లైన్‌లో తేలికగా దొరుకుతున్నాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో, పిల్లల కోసం చూస్తున్నవారూ మాటిమాటికీ తెల్లబట్టతో బాధపడేవారూ వీటిని తెప్పించుకుంటున్నారు. ఈ నగరంలోనే ఒక పారామెడికల్ కళాశాలలో మైక్రోబయాలజీ బోధించే నేనూ, మా తమ్ముడి భార్యా ఒకే కంపెనీ కిట్టును తెప్పించుకొని వాడాము. ఆమె రిపోర్టులోని విషయాలను ఆమె అనుమతితోనే ఇక్కడ రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే సంగతి ఇటువంటి ఏ కిట్టు కొన్నా సరిచూసుకోవలసినదే గనుక పేరుతో పెద్దగా పని లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ కిట్టు తాను కొలిచేదాన్ని చక్కగా కొలుస్తుంది, వివరణ కూడా చాలావరకు బాగుంది. అయితే లైంగికంగా సోకే సిఫిలిస్ వ్యాధి గురించి దాని రిపోర్టు ఇచ్చే భరోసాకు ఏ ఆధారమూ లేదు. గర్భం దాల్చాలనుకునే స్త్రీ దాన్ని నమ్మి రక్తపరీక్ష మానుకుంటే, నష్టపోయేది ఆమె ఒక్కతే కాదు, కడుపులోని బిడ్డ కూడా.

పెట్టె విషయంలో ఫిర్యాదు లేదు. పైన ఏమీ రాయని గోధుమరంగు కవరులో వచ్చింది. అత్తమామలతో కలిసి ఉండేవారికి ఈ గోప్యత ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. లోపల మెత్తని నైలాన్ కుచ్చు ఉన్న స్వాబ్, దాన్ని ముంచి మూత బిగించడానికి ద్రవంతో ఉన్న చిన్న గొట్టం, బొమ్మలతో ఒక కాగితం ఉన్నాయి. నెలసరి రోజుల్లో నమూనా తీయవద్దనీ, యాంటీబయాటిక్ వాడుతుంటే అది పూర్తయ్యాక కొంతకాలం ఆగమనీ స్పష్టంగా రాశారు. సూచనలు ఇంగ్లీషు, కన్నడ, హిందీ భాషల్లో మాత్రమే ఉన్నాయి, తెలుగులో కూడా ఇచ్చి ఉంటే బాగుండేది. నమూనా తీసుకోవడానికి కుర్రవాడు చెప్పిన వేళకే వచ్చాడు. ధర ఐదువేలకు కొంచెం తక్కువ.

రిపోర్టు మొదటి భాగం నిజంగా మెచ్చుకోదగినది. గొట్టంలోని నమూనా నుంచి డీఎన్ఏ తీసి, బ్యాక్టీరియా అన్నిటిలోనూ ఉండే 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ అనే జన్యువును చదివి, ఆ వరుసల ఆధారంగా ఏ జాతి ఎంత శాతమో లెక్క కట్టే పద్ధతిని వారు దాచకుండా వివరించారు. ఆ శాతాలు పరస్పర నిష్పత్తులే తప్ప మొత్తం బ్యాక్టీరియా సంఖ్య కావని కూడా ఒక వాక్యం చేర్చారు. ఈ తేడా మా విద్యార్థులకు బోధించడానికే నాకు ఒక తరగతి పడుతుంది కాబట్టి, ఆ వాక్యం చూసి నిజంగా సంతోషించాను.

యోనిలో ఆమ్లగుణానికి లాక్టోబాసిల్లస్ అనే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా కారణమని జర్మన్ వైద్యుడు ఆల్బర్ట్ డోడర్లీన్ 1892లోనే వివరించాడు. అవి గ్లైకోజెన్ అనే నిల్వ పిండిపదార్థం నుంచి వచ్చే చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మార్చి ఆమ్లగుణాన్ని కొలిచే పీహెచ్‌ను (ఇది ఎంత తక్కువైతే ఆమ్లం అంత ఎక్కువ) 4.5 లోపు ఉంచుతాయి. ఈ అవగాహనను జన్యువులు చదివే పద్ధతితో ముందుకు తీసుకుపోయిన పరిశోధన 2011లో జాక్ రావెల్ బృందం ప్రచురించినది. ఉత్తర అమెరికాలో ఏ లక్షణాలూ లేని 396 మంది స్త్రీల నమూనాలను పరీక్షించి, యోని సూక్ష్మజీవుల సముదాయాలను వారు ఐదు రకాలుగా విభజించారు. వాటిలో నాలుగు రకాల్లో ఏదో ఒక లాక్టోబాసిల్లస్ జాతిదే పెత్తనం: క్రిస్పాటస్, గాసెరీ, ఐనర్స్, జెన్సెనీ. నాలుగవ రకంగా పేర్కొన్న సముదాయంలో మాత్రం లాక్టోబాసిల్లస్ తక్కువగా ఉండి, గార్డ్‌నరెల్లా, ప్రివొటెల్లా వంటి ఆక్సిజన్ అంతగా అక్కరలేని బ్యాక్టీరియా కలగలుపుగా ఉంటాయి. ఆ అధ్యయనంలో పాల్గొన్న ఆరోగ్యవంతులైన స్త్రీలలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువమంది ఈ కలగలుపు రకానికే చెందారు. నల్లజాతి, హిస్పానిక్ స్త్రీలలో ఈ భాగం ఇంకా ఎక్కువ.

కిట్టు కంపెనీ ఈ ఐదు రకాల పట్టికను అలాగే తీసుకొని వాడుతోంది. అంతవరకు తప్పు లేదు. కాని నాలుగవ రకం రాగానే పేజీ అంతా ఎరుపురంగులో అచ్చవుతోంది. నా రిపోర్టు ఆ ఎరుపుతోనే వచ్చింది. నాకు దురద లేదు, వాసన లేదు, తెల్లబట్ట లేదు. లాక్టోబాసిల్లస్ తగ్గి ఇతర బ్యాక్టీరియా పెరగడం వల్ల వచ్చే బ్యాక్టీరియల్ వజైనోసిస్ అనే సమస్యను నిర్ధారించడానికి వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్న గుర్తులు వేరే ఉన్నాయి. పల్చని బూడిదరంగు స్రావం, 4.5 దాటిన పీహెచ్, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే వచ్చే చేపవాసన, మైక్రోస్కోపులో బ్యాక్టీరియా అంటుకొని అంచులు చెదిరినట్టు కనిపించే కణాలు అనే నాలుగింటిలో మూడు ఉండాలని 1983లో ఆమ్‌సెల్ ప్రతిపాదించాడు. స్లయిడు మీద గ్రామ్ రంగు వేసి, బ్యాక్టీరియా ఆకారాలను లెక్కించి 0 నుంచి 10 వరకు మార్కులు వేసే న్యూజెంట్ పద్ధతి 1991లో వచ్చింది. ఈ రెండింటికీ జీన్ సీక్వెన్సింగ్ యంత్రం అవసరం లేదు, ఐదువేలూ అవసరం లేదు. లక్షణాలు లేని స్త్రీని, ఆమెలో ఉన్న బ్యాక్టీరియా పేర్లు మాత్రమే చూసి ఎర్రపేజీతో భయపెట్టడం సరికాదు. జబ్బుకూ వైవిధ్యానికీ తేడా ఆ పేజీలోనే రాయాలి.

అసలు విషయం ఏడవ పేజీలో ఉంది. ‘రోగకారక జీవులు’ అనే శీర్షిక కింద ఒక పట్టిక, ఎడమవైపు పేర్లు, కుడివైపు గుర్తులు. గనేరియా కలిగించే నైసీరియా, క్లమిడియా, మైకోప్లాస్మా జెనిటాలియమ్ తరువాత ‘ట్రెపోనెమా’ అని ఒక వరుస, దానికి ఎదురుగా ఆకుపచ్చ టిక్కు, పక్కన ‘కనిపించలేదు’ అనే మాట. ట్రెపోనెమా పాలిడమ్ సిఫిలిస్ బ్యాక్టీరియా అని కింద సన్నటి అక్షరాల్లో వివరణ కూడా ఇచ్చారు.

మా మరదలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, చదివి అర్థం చేసుకోగలిగిన మనిషి. గర్భధారణకు ముందు చేయించుకోమని గైనకాలజిస్టు రాసిచ్చిన పరీక్షల్లో సిఫిలిస్ కోసం చేసే వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష కూడా ఉంది. ఆ పేజీ నాకు చూపించి, "వదినా, సిఫిలిస్ లేదని ఇందులోనే వచ్చేసింది కదా, మళ్లీ రక్తం ఇవ్వడమెందుకు?" అని అడిగింది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ఆ పేజీ చూసిన ఎవరికైనా వచ్చే ఆలోచనే అది. తప్పంతా ఆ టిక్కు పెట్టినవారిది.

సిఫిలిస్ బ్యాక్టీరియా యోనిలో కాపురం ఉండే జీవి కాదు. కంటికి కనిపించనంత చిన్న గీతల గుండా చర్మంలోకో పలచని పొరలోకో దూరి, త్వరలోనే దగ్గరి గ్రంథులకూ అక్కడి నుంచి రక్తంలోకీ చేరుతుంది. దూరినచోట సగటున మూడు వారాలకు ఒక పుండు లేస్తుంది. అది నొప్పి పెట్టదు. స్త్రీలలో అది గర్భాశయ ముఖద్వారం మీదో యోని గోడ మీదో లేస్తే ఆమెకు తెలిసే అవకాశమే లేదు. మందు వేసుకున్నా వేసుకోకపోయినా ఆ పుండు కొన్ని వారాల్లో దానంతట అదే మానుతుంది. తరువాత ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు రావచ్చు, అవీ పోతాయి. ఆపైన ఏళ్ల తరబడి ఏ లక్షణమూ లేకుండా వ్యాధి లోపలే ఉంటుంది. ఆ నిద్రాణ దశలో ఉన్న స్త్రీ యోని నుంచి స్వాబ్ తీస్తే, దానికి సాధారణంగా బ్యాక్టీరియా అంటుకోదు. అంటుకోని జీవిని ఎంత గొప్ప యంత్రమైనా చదవలేదు. పుండు ఉన్నప్పుడు ఆ పుండు నుంచే నేరుగా తీసిన నమూనాకు పీసీఆర్ (ఆ జీవి డీఎన్ఏనే పెంచి వెతికే పరీక్ష) చేస్తే ఉపయోగం ఉంటుంది, కాని ఈ కిట్టు చేసేది ఆ పని కాదు. పైగా 16ఎస్ జన్యువు ఆధారంగా సిఫిలిస్ ట్రెపోనెమాను, ఒకప్పుడు మన ఏజెన్సీ ప్రాంతాల్లో కూడా ఉండి, దేశంలో నిర్మూలనమైందని 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన యాస్ అనే చర్మవ్యాధి ట్రెపోనెమా నుంచి వేరు చేయడం కూడా సాధ్యం కాదు.

కాబట్టి సిఫిలిస్‌ను వెతకవలసింది రక్తంలో, అదీ బ్యాక్టీరియాను కాదు, దానికి ప్రతిగా శరీరం తయారుచేసిన ప్రతిరక్షకాలను. సిఫిలిస్‌కు తొలి రక్తపరీక్ష అయిన వాసర్‌మన్ పరీక్ష 1906లో వచ్చినప్పటి నుంచి మూలసూత్రం ఇదే. వీడీఆర్ఎల్, ఆర్‌పీఆర్ పరీక్షలు కార్డియోలిపిన్ అనే కొవ్వు పదార్థానికి వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలను పట్టుకుంటాయి. గర్భం, ల్యూపస్, మలేరియా, కుష్ఠు వంటి కారణాల వల్ల కూడా ఇవి పాజిటివ్ రావచ్చు కనుక ట్రెపోనెమాకే వ్యతిరేకంగా పుట్టే ప్రతిరక్షకాలను చూసే టీపీహెచ్ఏ వంటి పరీక్షతో నిర్ధారిస్తారు. ఈ రెండవది ఒకసారి వ్యాధి సోకినవారిలో చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే వస్తుంది. చికిత్స పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి వీడీఆర్ఎల్ టైటర్ (ప్రతిరక్షకాల స్థాయిని చూపే అంకె) తగ్గడాన్ని, ఉదాహరణకు 1:32 నుంచి 1:8కి రావడాన్ని, గమనిస్తారు. ప్రైవేటు ల్యాబుల్లో దీని ధర కొన్ని వందల రూపాయలకు మించదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు మొదటిసారి వచ్చినప్పుడే హెచ్ఐవీతో పాటు ఈ పరీక్ష ఉచితంగా చేస్తారు. ప్రభుత్వ సురక్షా క్లినిక్కుల్లో లైంగికంగా సోకే వ్యాధులకు పరీక్షా, మందులూ, కౌన్సెలింగూ ఉచితమే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయస్కులలో సుమారు 80 లక్షల మందికి కొత్తగా సిఫిలిస్ సోకింది. అదే ఏడాది సుమారు 11 లక్షల మంది గర్భిణులకు ఈ వ్యాధి ఉండగా, 3 లక్షల 90 వేలకు పైగా గర్భాలు మృతశిశువు పుట్టడం, నెలలు నిండకముందే ప్రసవం, బిడ్డకు జన్మతః సిఫిలిస్ రావడం వంటి విపరీతాలతో ముగిశాయి. ఈ బ్యాక్టీరియా మాయను దాటి బిడ్డను చేరుతుంది. దీన్ని ఆపే మందు 1943లో జాన్ మహోనీ సిఫిలిస్‌కు తొలిసారి వాడిన పెన్సిలినే, నేటికీ అది నిరాటంకంగా పనిచేస్తోంది. తొలిదశలో ఉంటే 24 లక్షల యూనిట్ల బెంజథీన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ ఒక్కసారి ఇస్తారు, ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొకటి చొప్పున మూడు ఇస్తారు. ఇంత సులువైన చికిత్స ఉన్న జబ్బును ఒక తప్పుడు టిక్కు గుర్తు వల్ల వదిలేయడం నాకు మింగుడుపడని విషయం.

రిపోర్టు వచ్చాక కౌన్సెలరుతో ఉచితంగా ఒకసారి ఫోనులో మాట్లాడే సదుపాయం ఉంది. తెలుగులో కావాలని అడిగితే తెలుగు మాట్లాడే అమ్మాయినే ఇచ్చారు. ట్రెపోనెమా వరుస గురించి అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "మేడమ్, ఇది స్క్రీనింగ్ మాత్రమే అండి. సిఫిలిస్ లేదని దీన్నిబట్టి చెప్పలేము. మీ మరదలుగారిని రక్తపరీక్ష తప్పకుండా చేయించుకోమనండి" అంది. ఆ నిజాయితీకి నేను కృతజ్ఞురాలిని. కాని ఫోను చేసినవారికి తెలిసే నిజం రిపోర్టు చూసిన ప్రతివారికీ తెలియాలి కదా!

పెట్టెలోని కరపత్రంలో మరొక వాక్యం ఉంది. మంచి బ్యాక్టీరియా ఉంటే లైంగిక వ్యాధులు దరిచేరవన్న అర్థం వచ్చేలా రాశారు. ఇందులో కొంత నిజం ఉంది. లాక్టోబాసిల్లస్ తగ్గి వజైనోసిస్ ఉన్న స్త్రీలకు హెచ్ఐవీ, హెర్పిస్, గనేరియా, క్లమిడియా సోకే అవకాశం పెరుగుతుందని ఎన్నో అధ్యయనాలు చెప్పాయి. ఆ స్థితిలో కొన్ని బ్యాక్టీరియా సియాలిడేజ్ అనే ఎంజైముతో రక్షణగా ఉన్న జిగురు పొరను కరిగిస్తాయి, పొరలోని కణాల మధ్య పట్టు సడలుతుంది, ఆమ్లగుణం తగ్గుతుంది. అవకాశం తగ్గడం వేరు, దరిచేరకపోవడం వేరు. క్రిస్పాటస్ నిండుగా ఉన్న స్త్రీకి కూడా సిఫిలిస్ సోకగలదు, ఆ అవకాశాన్ని బాగా తగ్గించేది కండోమే.

సిఫిలిస్‌కూ యోని మైక్రోబయోమ్‌కూ ఉన్న సంబంధాన్ని పరిశోధించడం మిగతా వ్యాధులకంటే చాలా కష్టం. దానికి కారణం ఆ బ్యాక్టీరియా స్వభావమే. షౌడిన్, హాఫ్‌మన్ దీన్ని 1905లో బెర్లిన్‌లో కనుగొన్నారు. మందం మైక్రోమీటరులో అయిదో వంతే కావడంతో మామూలు మైక్రోస్కోపుకు అందదు, నల్లటి నేపథ్యంలో జీవులను వెలుగుతున్నట్టు చూపే డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోపు కావాలి. 1998లో దాని జీనోమ్ మొత్తం చదివినప్పుడు సుమారు 11 లక్షల 40 వేల అక్షరాలు, వెయ్యికి కాస్త పైగా జన్యువులు మాత్రమే ఉన్నట్టు తేలింది. తన కొవ్వులను, అమైనో ఆమ్లాలలో అధికభాగాన్ని తాను తయారుచేసుకోలేక, అద్దె ఇంటిలో యజమాని వంటింటి మీదే ఆధారపడిన మనిషిలా అన్నిటికీ మన కణాల మీద పడి బతుకుతుంది. అందుకే గాజుపాత్రలో ఒంటరిగా పెరగదు. 1912లో ఒక రోగి వెన్నునీటి నుంచి తీసిన నికొల్స్ రకాన్ని దశాబ్దాల పాటు కుందేళ్ల వృషణాల్లో పెంచుతూ వచ్చారు. డయాన్ ఎడ్మండ్‌సన్, స్టీవెన్ నారిస్ బృందం హూస్టన్‌లో కుందేలు చర్మకణాలతో పాటు, గాలిలో ఆక్సిజన్‌ను 1.5 శాతానికి తగ్గించి, దీన్ని ప్రయోగశాలలో ఎడతెగకుండా పెంచగలిగామని 2018లో ప్రకటించింది. ఈ జీవి ఒకటి రెండు కావడానికి ఒక రోజుకు పైనే పడుతుంది.

కుందేలుతో ఇంకో చిక్కు ఉంది, నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. లాక్టోబాసిల్లస్ పెత్తనం మనుషుల యోనికే ప్రత్యేకమైన లక్షణం. ఇతర క్షీరదాలలో అది సాధారణంగా ఒక్క శాతం కూడా దాటదు, పీహెచ్ కూడా మనకున్నంత తక్కువగా ఉండదు. అంటే సిఫిలిస్‌కు ఇన్నాళ్లూ ఆధారమైన జంతువులో, స్త్రీ శరీరంలోని ఈ రక్షణ ఎలా పనిచేస్తుందో చూడడానికి వీలు లేదు. ఆ పరిశోధన స్త్రీల నమూనాలతోనూ 2018 తరువాత చేతికొచ్చిన కణాల పద్ధతితోనూ సాగవలసినదే. ఇంత నిగూఢమైన విషయాన్ని కరపత్రంలో ఒక్క వాక్యానికి కుదించి అమ్మడం పరిశోధకుల శ్రమకు న్యాయం చేయడం కాదు.

చివరి పేజీలో ‘మీ కోసం’ అంటూ అదే కంపెనీ ప్రోబయాటిక్ గుళికలను నెలనెలా కొనమంటారు. డబ్బా మీద అసిడోఫిలస్, రామ్నోసస్ పేర్లు ఉన్నాయి, క్రిస్పాటస్ లేదు. నోటితో మింగే గుళికలవి. ఈ విషయంలో బలమైన ఆధారమున్న ప్రయోగం వేరు. 2020లో ప్రచురితమైన దానిలో 228 మంది స్త్రీలకు మొదట మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జెల్ ఇచ్చి, తరువాత వారిలో కొందరికి క్రిస్పాటస్‌ను, మిగతావారికి ఉత్తుత్తి మందును నేరుగా యోనిలో పెట్టగా, 12 వారాలకు వజైనోసిస్ తిరిగి వచ్చినవారు క్రిస్పాటస్ తీసుకున్నవారిలో 30 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 45 శాతం. 2025లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫలితం నాకు మరింత ముఖ్యంగా కనిపించింది. భర్తకు లేదా సహచరుడికి కూడా మాత్రలూ పూతమందూ ఇస్తే, 12 వారాల్లో తిరగబెట్టడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. రిపోర్టులో మగవారి ప్రస్తావనే లేదు. తెల్లబట్ట తిరగబెట్టిన ప్రతిసారీ మందులూ నిందలూ ఆడవారికే దక్కే మన ఇళ్లలో ఈ సమాచారం మొదటి పేజీలోనే ఉండాలి.

వజైనోసిస్ పదేపదే వస్తూ, గైనకాలజిస్టు ఇచ్చిన మందులు పనిచేయనివారు వైద్యురాలితో చర్చించి ఈ కిట్టు కొనవచ్చు, మొదటి ఆరు పేజీలు వారికి ఉపయోగపడతాయి. ఏ లక్షణమూ లేనివారికి నేను సిఫారసు చేయను. గుళికలు కొనవద్దు. పెళ్లి చేసుకోబోయేవారు, పిల్లల కోసం చూస్తున్నవారు, గర్భిణులు ఈ రిపోర్టులో ఏముందన్నదానితో సంబంధం లేకుండా భార్యాభర్తలిద్దరూ వీడీఆర్ఎల్ చేయించుకోవాలి. ఈమధ్యనే సోకి ఉంటే ప్రతిరక్షకాలు ఇంకా పుట్టకపోవచ్చు గనుక, అనుమానం ఉన్నవారు కొన్ని వారాల తరువాత మరోసారి చేయించుకోవాలి.

మా మరదలూ తమ్ముడూ ఇద్దరూ రక్తం ఇచ్చి వచ్చారు. ట్రెపోనెమా వరుసను తీసేయమనీ, లేదా టిక్కుకు బదులు ‘సిఫిలిస్ ఉందో లేదో ఈ పరీక్షతో తెలియదు, రక్తపరీక్ష చేయించుకోండి’ అని రాయమనీ నేను కంపెనీకి ఉత్తరం పంపాను. తమ నిపుణుల ముందు పెడతామని జవాబు ఇచ్చారు. వారు ఆ వరుస మార్చేవరకు ఐదుకు రెండున్నర నక్షత్రాల కంటే ఎక్కువ ఇవ్వలేను.